త్రాసును తూచుట

రావులపాలెము కూడలిలో వేకువజామున ఒక గంటసేపు నిలుచున్నచో గోదావరి డెల్టా సిరిసంపద అంతయు కన్నుల యెదుటనే కదలిపోవును. అరటి గెలల లారీలు ఒకవైపు, అంబాజీపేట కొబ్బరికాయల లారీలు మరియొకవైపు. తణుకు, మండపేట ప్రాంతముల బియ్యపు లారీలు. భీమవరము, ఆకివీడుల నుండి ఐసుగడ్డల నడుమ చేపలను పేర్చుకొని కలకత్తా దిక్కుగా పరుగిడు లారీలు. వానివెనుక ఇసుక లారీలు, ఇటుక లారీలు. చెన్నపట్టణమును కలకత్తాను కలుపు జాతీయ రహదారి ఇది. మునుపు దీని సంఖ్య 5. 2010లో సంఖ్యలు మార్చిన పిమ్మట 16.

ఈ లారీలలో ఏది ఎంత బరువు మోయుచున్నదో చూపరులకు తెలియునా? తెలియదు. టార్పాలిను కప్పి మోకులు బిగించిన పిమ్మట పది టన్నుల సరకును, పదునాలుగు టన్నుల సరకును చూపునకు ఇంచుమించు ఒక్కటియే. కమానులు కొంచెము ఎక్కువగా వంగియుండుట, టైర్లు అడుగున పరచుకొనియుండుట చూచి అనుభవశాలియైన డ్రైవరు ఊహింపగలడేమో! కాని ఊహ సాక్ష్యము కాదు.

కాలువల మీద రవాణా సాగిన రోజులలో ఈ ప్రాంతమున ఈ చిక్కు లేదు. 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట పొలములకు నీరే గాక పడవలకు దారి కూడ ఇచ్చినది. ధాన్యము, బెల్లము, కలప కాలువల మీదుగా సాగెడివి. పడవ తన బరువును తానే చెప్పును. ఎక్కించిన ప్రతి బస్తాకును అది కొంచెము మునుగును. ఆర్కిమిడీసు పేరు విననివానికైనను పడవ అంచుకును నీటికిని నడుమ ఎన్ని వ్రేళ్లు మిగిలినవో తెలియును. ఆ వ్రేళ్లు తగ్గినచో ఇక చాలు అని చేయెత్తును. సముద్రపు ఓడలకు ఇంగ్లాండు దేశము 1876లో చట్టము చేసి ఆ హద్దును ఓడ ప్రక్కమీదనే గీతగా గీయించినది. ప్లిమ్‌సాల్ అను పార్లమెంటు సభ్యుని పోరాట ఫలితమది. అట్టి గీతను నేడు కాకినాడ రేవునకు వచ్చు ఓడల మీదను చూడవచ్చును. గీత మునిగినచో ఓడ కదలరాదు.

లారీకి అట్టి గీత లేదు. నేల, నీటివలె వెంటనే చెప్పదు. బరువు మించిన లారీ పోయిన మరుక్షణమున రోడ్డు యథాప్రకారముగానే కనుపించును. రోడ్డు తన బాధను చెప్పుటకు ఒక వర్షకాలము పట్టును. వంతెన చెప్పుటకు ఒక తరము పట్టును. అందుచేత లారీకి లేని ఆ గీతను రోడ్డునందే గీయవలెనని ఇంజనీర్లు పూనుకొనిరి. రోడ్డు పైపొరలో సెన్సర్లను అమర్చి, లారీ ఆగక పోవుచుండగానే దాని బరువును గ్రహించు పద్ధతి అది.

అయితే యంత్రము ఒక బరువును చెప్పుట వేరు. అది చెప్పిన బరువు నిజమగుట వేరు. లారీని తూచు త్రాసును ముందుగా ఎవరు తూచవలెను? ఎట్లు తూచవలెను? ఇది ఇంజనీర్ల లెక్క మాత్రమే కాదు. న్యాయమునకు సంబంధించిన ప్రశ్న.

ఇరుసు లెక్క

మొదట, బరువును గూర్చి ఇంత పట్టుదల ఏల అని సందేహము రావచ్చును. బరువు రెట్టింపైనచో రోడ్డునకు నష్టము రెట్టింపగునని మనము సామాన్యముగా తలంతుము. అది నిజము కాదు.

అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రమున ఒటావా అను పట్టణము కలదు. 1958 మొదలు 1960 వరకు అచ్చట ఒక గొప్ప పరీక్ష జరిగినది. వలయాకారముగా రోడ్లు వేసి, వానిమీద నిర్ణీతమైన బరువులుగల లారీలను రాత్రింబవళ్లు త్రిప్పిరి. పదకొండు లక్షలకు పైగా ఇరుసులు ఆ రోడ్లమీద దొర్లిన పిమ్మట తేలిన సత్యమేమనగా, రోడ్డునకు కలుగు నష్టము ఇరుసుపైనున్న బరువు యొక్క నాలుగవ ఘాతమును సుమారుగా అనుసరించును. ఇరుసు బరువు రెట్టింపైనచో నష్టము రెండింతలు కాదు. రెండును నాలుగుసార్లు గుణింపగా వచ్చు పదునారింతలు!

మన దేశమున రోడ్ల రూపకల్పనకు 8.16 టన్నుల ఇరుసును ప్రమాణముగా గ్రహింతురు. 10.2 టన్నుల ఇరుసు ఒకసారి పోయినచో అది రెండున్నర ప్రమాణపు ఇరుసులు పోయినదానితో ఇంచుమించు సమానము. 11.5 టన్నులైనచో నాలుగింటితో సమానము. 15 టన్నులు మోపినచో పదకొండింటితో సమానము. ఇక ఇరుసునకు అర టన్ను బరువుండు చిన్న కారు మాటయో? ఆ లెక్కను విద్యార్థులే వేసి చూడవచ్చును. ఒక ప్రమాణపు లారీ ఇరుసు చేయు నష్టమును చేయుటకు కారు ఇరుసులు సుమారు డెబ్బదివేలు దొర్లవలెను.

ఈ అంకెలలో 10.2, 11.5 అనునవి ఊరక తీసికొన్నవి కావు. నాలుగు టైర్ల ఒంటి ఇరుసునకు చట్టము పూర్వము అనుమతించిన బరువు 10.2 టన్నులు. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వము దానిని 11.5 టన్నులకు పెంచినది. రెండిరుసుల లారీ మొత్తపు బరువు 16.2 టన్నుల నుండి 18.5 టన్నులకు పెరిగినది. ఇప్పుడు ఆ హద్దువరకు నిండిన లారీలో ఇంకొక ఇరువది ధాన్యపు బస్తాలు వేసిరనుకొందము. మన గోదావరి జిల్లాలలో బస్తా అనగా 75 కిలోలు. ఇరువది బస్తాలు టన్నున్నర. ఆ బరువంతయు వెనుక ఇరుసుమీదనే పడినచో 11.5 టన్నులు 13 టన్నులగును. బరువు పెరిగినది నూటికి పదుమూడు మాత్రమే. నాలుగవ ఘాతము చొప్పున నష్టము పెరిగినది నూటికి అరువదిమూడు.

ఇట్టి నష్టమునకు డెల్టా నేల మరింత సులభముగా లోబడును. రాతినేల మీద వేసిన రోడ్డు వేరు, గోదావరి ఒండ్రుమీద వేసిన రోడ్డు వేరు. ఇచ్చటి బంకమన్ను వానకు ఉబ్బును, ఎండకు బీటలువారును. కొద్ది లోతుననే నీరుండును. అనేకములైన రోడ్లు కాలువగట్ల మీదనే సాగును. ఒకవైపు కాలువ, మరియొకవైపు వరిచేను, నడుమ తడిసిన గట్టు. బరువునకు ఒకసారి తారు పొర నెఱ్ఱెవిచ్చెనా, ఆ సందున నీరు దిగును. అటుపిమ్మట రోడ్డును చెడగొట్టుటకు లారీ కూడ అక్కరలేదు. ఆ గోతులలో పడి లేచునది బడికి పోవు పిల్లల సైకిళ్లు, ఆసుపత్రికి పోవు ఆటోలు. బరువు వేసినవాడు ఒకడు, బాధ పడువాడు వేరొకడు.

ఆపక తూచుట

లారీని తూచుటకు తరతరములుగా తెలిసిన సాధనము కాటా. ధాన్యపు మిల్లుల చెంత, రేవుల చెంత, రహదారుల ప్రక్కను దానిని చూచుచునే యున్నాము. కొన్నిచోట్ల దానిని ధర్మకాటా అనియు వ్యవహరింతురు. ఎంత చక్కని పేరు! లారీ దానిమీదికెక్కి నిలువవలెను, ఊగుట మానవలెను, అప్పుడు అంకె నిలుచును. కాని దినమునకు వేలకొలది లారీలు పోవు రహదారిమీద ప్రతిదానిని ప్రక్కకు మళ్లించి, నిలిపి, తూచి పంపుట సాధ్యమగునా? చేపలకు కట్టిన ఐసు కరగిపోవును. అరటి గెలలు మగ్గిపోవును. ఎన్నుకొని కొన్నిటినే ఆపినచో, ఎవరిని ఆపవలెను, ఎవరిని విడువవలెను అను నిర్ణయము ఒక మనిషి చేతిలో పడును. అక్కడ అనుమానమునకును, ప్రలోభమునకును తావు కలుగును.

కావున ఆపక తూచు ఆలోచన పుట్టినది. 1952లోనే అమెరికాలో నార్మన్, హాప్కిన్సు అను ఇద్దరు ఇంజనీర్లు రోడ్డులో కాంక్రీటు పలకను పొదిగి, దాని క్రింద సాగుదలను కొలుచు సాధనములను అమర్చి, పోవు లారీలను తూచిన ప్రయోగమును ప్రకటించిరి. పలక ఒత్తిడికి లోనైనప్పుడు సన్నని తీగ సాగును. తీగ సాగినప్పుడు దాని విద్యున్నిరోధము మారును. ఆ మార్పునుబట్టి బరువును లెక్కింతురు.

రెండవ పద్ధతి స్ఫటికములది. 1880లో ఫ్రెంచి సోదరులు జాక్ క్యూరీ, పియేర్ క్యూరీలు క్వార్ట్జు మొదలగు కొన్ని స్ఫటికములను నొక్కినప్పుడు వాని ముఖములపై విద్యుదావేశము పుట్టునని కనుగొనిరి. రేడియము వలన లోకప్రసిద్ధుడైన పియేర్ క్యూరీయే ఈయన. ఆ నొక్కుడు ఎంతయో ఆవేశమును అంత. నేడు క్వార్ట్జు పలుకులను పొడవైన లోహపు పట్టీలో వరుసగా అమర్చి, రోడ్డునకు అడ్డముగా సన్నని గాడి కోసి అందులో దించి, జిగురుతో పూడ్చి, పైభాగమును రోడ్డుతో సమముగా అరగదీయుదురు. డ్రైవరునకు అది నల్లని రోడ్డుమీద ఒక గీతగా మాత్రమే కనుపించును. లారీకి లేని గీత రోడ్డుమీదికి వచ్చినదన్నమాట!

ఇట్టి పట్టీలు రెండు వరుసలుగా ఉండును. మొదటిదానినుండి రెండవదానికి చక్రము చేరుటకు పట్టిన కాలమునుబట్టి వేగము తెలియును. వేగము ఎందులకు? టైరు నేలను తాకు భాగము పట్టీ వెడల్పుకంటె పెద్దది. కావున ఏ క్షణమునను పట్టీమీద చక్రపు బరువంతయు ఉండదు. ఒక ముక్క మాత్రమే ఉండును. ఆ ముక్కలన్నిటిని కాలక్రమమున కూడి, వేగముతో గుణించి, పట్టీ వెడల్పుతో భాగించినచో మొత్తము బరువు వచ్చును. దీనినిబట్టి వేగమును కొలుచుటలో నూటికి ఒక వంతు తప్పు దొర్లినచో బరువులోను నూటికి ఒక వంతు తప్పు దొర్లును.

నూరవ వంతు సెకను సాక్ష్యము

ఇంతవరకు విన్నవారికి పని సులభముగనే తోచును. కాని చిక్కు ఇక్కడనే ఆరంభమగుచున్నది.

గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవు లారీ సెకనునకు 22 మీటర్లు కదలును. టైరు అడుగు పావు మీటరు, పట్టీ వెడల్పు ఐదు సెంటీమీటర్లు అనుకొన్నచో చక్రము పట్టీని దాటుటకు పట్టు కాలము సెకనులో నూరవ వంతుకంటె కొంచెమే ఎక్కువ. ఆ రెప్పపాటులో లారీ బరువును గూర్చి పట్టీ సాక్ష్యము చెప్పవలెను.

ఆ రెప్పపాటున లారీ నిశ్చలముగా లేదు. కమానుల మీద దాని శరీరము సెకనునకు రెండు మూడుసార్లు పైకి క్రిందికి ఊగుచుండును. చక్రములు ఇరుసులతో కూడ సెకనునకు పదిసార్ల చొప్పున అదరుచుండును. దిగునప్పుడు నేలను నొక్కుడు ఎక్కువ, లేచునప్పుడు తక్కువ. చదునైన రోడ్డుమీదనే ఈ హెచ్చుతగ్గులు నూటికి పది వరకు ఉండవచ్చును. గోతుల రోడ్డుమీద ఇంకను ఎక్కువ. సెకనునకు రెండుసార్లు ఊగు లారీ ఒక ఊపు పూర్తి చేయులోపల 11 మీటర్లు పోవును. అందులో మన పట్టీ చూచునది ఐదు సెంటీమీటర్లు! ఉయ్యాలలోని బిడ్డను ఒక్కసారి కన్ను తెరచి చూచి, ఉయ్యాల ఎక్కడ నిలుచునో చెప్పుమన్నట్లున్నది.

కావుననే పట్టీలను ఒకటి రెండు వరుసలతో ఆపక మరికొన్ని వరుసలు పెంచుదురు. ఒకటి లారీ దిగునప్పుడు చూచినచో మరియొకటి లేచునప్పుడు చూచును. సగటు సత్యమునకు చేరువగును. మరియొక ఉపాయము వేగమును తగ్గించుట. డెల్టా గుండా పోవు ఈ రహదారిమీద ఉంగుటూరు, ఈతకోటల వద్ద టోల్ గేట్లు కలవు. మన దేశమున ఇట్టి గేట్ల వరుసలలో, బండి మెల్లగా సాగుచుండగా తూచు కాటాలను అమర్చు పద్ధతి వాడుకలోనికి వచ్చినది. మెల్లగా పోవు బండి తక్కువగా ఊగును. కొలత నమ్మకముగా వచ్చును. కాని గేటు చెంతకు రాకయే దారి మళ్లు లారీల బరువును తెలిసికొనవలెనన్నచో పూర్తి వేగమున తూచు సెన్సర్లే శరణ్యము. వానికే కఠినమైన పరీక్ష కావలెను.

పరీక్ష విధానము

పరీక్షకు మొదట కావలసినది, నిజమైన బరువు తెలిసిన లారీ. దానిని మంచి కాటామీద నిలిపి, మొత్తముగాను, ఇరుసులవారీగాను తూచుదురు. ఆ కాటా సరియైనదని ఎట్లు తెలియును? దానిని తూనికలు కొలతల శాఖవారు ముద్రవేసిన ప్రమాణపు రాళ్లతో సరిచూచియుండవలెను. ఆ రాళ్లను అంతకంటె శ్రేష్ఠమైన రాళ్లతో సరిచూచియుందురు. ఈ గొలుసు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో భద్రపరచిన 57వ సంఖ్యగల కిలోగ్రాము ప్రతివరకు పోవును. 2019 మే 20 నుండి కిలోగ్రామును ప్రపంచమంతటను లోహపు దిమ్మెతో గాక ప్లాంకు స్థిరాంకముతో నిర్వచించుచున్నారు. కావున రావులపాలెము అరటి మార్కెట్టులోని కాటా రాయి కూడ తుదకు ప్రకృతి ధర్మమునకే జవాబుదారి.

అట్లు తూచిన లారీని సెన్సర్ల మీదుగా అనేక పర్యాయములు నడుపుదురు. మెల్లగా ఒకసారి, వడిగా ఒకసారి. రోడ్డు నడుమ ఒకసారి, ఎడమ అంచున ఒకసారి, కుడి అంచున ఒకసారి. నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు ఇరుసునకు జరుగును గనుక దానిని కూడ పరీక్షింతురు. ఒకే రకపు లారీతో తృప్తిపడరాదు; రెండిరుసులది, మూడిరుసులది, ట్రెయిలరు ఒక్కొక్కటియు ఒక్కొక్క తీరున ఊగును.

వచ్చిన అంకెలను ఎట్లు చూడవలెనో ఒక ఊహాత్మకమైన ఉదాహరణతో చెప్పుదును. లారీ నిజమైన బరువు 18 టన్నులు అనుకొందము. మొదటి యంత్రము ఐదుసార్లకు చెప్పినవి 18.9, 18.5, 19.1, 18.7, 18.8. రెండవ యంత్రము చెప్పినవి 16.9, 19.2, 17.4, 18.8, 17.7. మొదటిదాని సగటు 18.8, రెండవదాని సగటు సరిగా 18. ఏది మంచి యంత్రము? తొందరపడి రెండవదానిని మెచ్చుకొందుము. కాని మొదటిదాని తప్పు ఒకే దిక్కుగా పోవుచున్నది. ప్రతిసారియు ఎక్కువ చూపుచున్నది. 18ని 18.8తో భాగించి, వచ్చిన భిన్నముతో దాని అంకెలను గుణించినచో అన్నియు నిజమునకు 300 కిలోల లోపలనే నిలుచును. రెండవదాని తప్పునకు దిక్కు లేదు. సగటున సత్యవంతుడు, ఒక్కొక్క మాటకు అబద్ధీకుడు. లారీవానికి తీర్పు చెప్పునది సగటు కాదు. అతడు దాటిన ఆ ఒక్క క్షణపు అంకె.

మొదటి రకపు తప్పును సవరింపవచ్చును. రెండవ రకపు తప్పును కొలిచి, దానికి హద్దు చెప్పవలెను. అందుచేతనే ఈ యంత్రములకు ప్రమాణములు ఏర్పడినవి. అమెరికావారి ప్రమాణమున ఒక తరగతి యంత్రము నూరు లారీలలో తొంబదియైదింటి మొత్తపు బరువును నూటికి పది తప్పు లోపల చెప్పవలెను. ఒంటి ఇరుసు విషయమున నూటికి ఇరువది వరకు సహింతురు. 1990 దశాబ్దమున ఐరోపా దేశములు కలసి రూపొందించిన కోస్ట్ 323 అను నిబంధనలు యంత్రములను తరగతులుగా విభజించినవి. మిక్కిలి శ్రేష్ఠమైన తరగతికి మొత్తపు బరువులో సహింపదగిన తప్పు నూటికి ఐదు.

పరీక్ష ఒకనాటితో ముగియదు. రాజమహేంద్రవరపు మేనెల ఎండను ఎరిగినవారికి ఈ మాట సులభముగా బోధపడును. తారు శీతకాలపు వేకువను గట్టిగా నుండును. మండు వేసవి మధ్యాహ్నమున మెత్తబడును. సెన్సరు ఆ తారులోనే పొదగబడియున్నది గనుక చక్రపు బరువును అది పంచుకొను తీరు మారును. చవుక రకపు స్ఫటికపు తీగలైనచో వాని స్వభావమే వేడికి మారును. క్వార్ట్జు ఈ విషయమున నిలుకడగలది. కావున మధ్యాహ్నమును, రాత్రియు, వేసవిని, వానకాలమును పరీక్షింపవలెను. కాలక్రమమున చక్రముల బాటలో రోడ్డు క్రుంగును. పట్టీ కొంచెము పైకి తేలును. చక్రము దానికి తగిలి ఎగురును. నిన్న సత్యము చెప్పిన సెన్సరు నేడు అసత్యము చెప్పును. సెన్సరు చెడలేదు, దాని క్రింది నేల మారినది. బంకమన్ను మీది రోడ్లుగల డెల్టాలో ఈ జాగ్రత్త మరింత అవసరము.

జరిమానా ముంగిట

ఇంత నిక్కచ్చి ఎందులకన్నచో, ఆ అంకె వెనుక ఒక మనిషి యున్నాడు. మోటారు వాహనముల చట్టము 194వ సెక్షనును 2019లో సవరించిరి. పూర్వము బరువు మించినచో రెండువేల రూపాయలు, అదనపు టన్నునకు వేయి రూపాయలుగా నున్న జరిమానా, ఇరువదివేలు, అదనపు టన్నునకు రెండువేలుగా మారినది. మించిన సరకును దింపించు ఖర్చు కూడ మోయవలెను. దింపనిదే బండి కదలరాదు.

పైని చెప్పిన రెండవ యంత్రమును తలచుకొనుడు. నిజముగా 18 టన్నులున్న లారీని అది ఒకసారి 19.2 అన్నది. అనుమతి 18.5. నిర్దోషి దోషియైనాడు. అదే యంత్రము మరియొకసారి టన్నుకు పైగా తక్కువ చెప్పినది. ఆ సమయమున 19 టన్నుల లారీ వచ్చినచో అది నిర్దోషిగా సాగిపోవును. ఒకే లారీని అప్పుచేసి కొని, తానే నడుపుకొను చిన్న యజమాని మొదటి తప్పునకు బలియగును. రెండవ తప్పునకు బలియగునది ఎవరు? చట్టమునకు లోబడి తక్కువ సరకు వేసికొని, తక్కువ కిరాయితో తృప్తిపడిన పొరుగు లారీవాడు. ఎక్కువ వేసినవాడు పట్టుబడనంతకాలము నియమము పాటించినవాడు బేరము పోగొట్టుకొనుచునే యుండును. త్రాసు అబద్ధమాడినచో రెండు విధములను శిక్ష నీతిమంతునికే.

అందుచేతనే అనేక దేశములలో వేగముగా తూచు యంత్రమును న్యాయాధిపతిగా గాక కావలివానిగా మాత్రమే నియమించుదురు. అది అనుమానింపదగిన లారీని చూపును. ముందున్న కాటా వద్ద దానిని నిలిపి తూచిన పిమ్మటనే జరిమానా. చెక్ రిపబ్లిక్, హంగేరీ వంటి కొన్ని దేశములు మాత్రము కఠినమైన పరీక్షలు నెగ్గిన యంత్రముల అంకెతోనే నేరుగా జరిమానా విధించుటకు చట్టములు చేసినవి. అచ్చట కూడ యంత్రపు తప్పునకు కొంత విడుపు ఇచ్చియే లెక్క కట్టుదురు. యంత్రమునకు ఎంత అధికారము ఇత్తుమో, దానికి అంత పరీక్ష పెట్టవలెను.

వంతెనయే త్రాసు

ఈ కథలో ఒక విచిత్రమైన మలుపు కలదు. 1979లో అమెరికాలో ఫ్రెడ్ మోజెస్ అను ఆచార్యుడు, రోడ్డును కోయకయే, వంతెననే త్రాసుగా వాడవచ్చునని చూపెను. లారీ పోవునప్పుడు వంతెన దూలము కంటికి కనబడనంతగా వంగును. దూలము అడుగున సాగుదలను కొలుచు సాధనములను అంటించి, ఆ వంపునుబట్టి ఇరుసుల బరువును లెక్కింతురు. రెప్పపాటు సాక్ష్యమునకు బదులు లారీ వంతెనమీదనున్నంతసేపు సాక్ష్యము లభించును. పైగా డ్రైవరునకు ఏమియు కనబడదు, తప్పించుకొనుటకు వీలులేదు.

వంతెనలకును బరువునకును గల బంధము గోదావరి ఒడ్డువారికి చెప్పవలసిన పనిలేదు. 1900లో పూర్తియైన హేవ్‌లాక్ వంతెన 1997లో రైళ్ల రాకపోకలనుండి విశ్రాంతి పొందినది. 1974లో ప్రారంభమైన రోడ్డు, రైలు వంతెన అర్ధ శతాబ్దమునకు పైగా పైన బస్సులను, క్రింద రైళ్లను మోసినది. దాని రోడ్డు భాగమున భారీ వాహనములపై ఆంక్షలు పెట్టవలసి వచ్చినది, 2023లో మరమ్మతులకై రాకపోకలను కొంతకాలము ఆపవలసియు వచ్చినది. 27 పెద్ద ఖానాలు, 7 చిన్న ఖానాలుగల ఆ వంతెనవంటి ఉక్కు కట్టడములలో అలసట అను వ్యాధి కలదు. ఒక్కసారి మోపిన బరువునకు ఉక్కు విరుగదు. పదేపదే మోపగా మోపగా విరుగును. ఆ అలసట ఒత్తిడి యొక్క ఘనమును సుమారుగా అనుసరించి పెరుగును.

అంత పొడవైన వంతెనలమీద ఒకేసారి అనేక వాహనములుండును గనుక వానిని త్రాసుగా వాడుట కష్టము. ఈ పద్ధతికి చక్కగా తగినవి చిన్న వంతెనలు. మన డెల్టాలో కాలువ కాలువకును వంతెనయే కదా! ఆనకట్ట వలన పుట్టిన కాలువలు ఒకప్పుడు పడవల బరువును నీటితో తూచినవి. ఆ కాలువలమీది వంతెనలు లారీల బరువును తమ దూలములతో తూచగలవన్న ఊహ ఇచ్చటి ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులకు పరిశోధనకు తగిన విషయము.

తరగతి గదిలో

ఈ పాఠమును పాఠశాలలోనే ఆరంభింపవచ్చును. మనుషులను తూచు స్ప్రింగు త్రాసుమీద ఒక విద్యార్థిని నిలిపి, ఒకసారి మోకాళ్లు వంచి లేవుమనుడు. ముల్లు క్రిందికిని మీదికిని ఊగును; విద్యార్థి బరువు మాత్రము మారలేదు. రహదారిమీది లారీ చేయుచున్నదియు ఇదియే. పిమ్మట అతనిని ఆ త్రాసుమీదుగా నడిచిపొమ్మని, పదిమంది చేత విడివిడిగా ముల్లును చూపించి అంకెలు వ్రాయింపుడు. సగటు తీయింపుడు, నిలిచినప్పటి బరువుతో పోల్పింపుడు, అంకెలు ఎంత చెదరినవో గుర్తింపింపుడు. సగటు వేరు, చెదరుట వేరు అని ఆనాడు గ్రహించిన బాలుడు పెద్దవాడైన పిమ్మట ఏ యంత్రపు అంకెకును గ్రుడ్డిగా తలయొగ్గడు. ఏ అంకెను ఊరక త్రోసివేయడు.

వీశెలు, మణుగులు, పుట్లు పోయి, 1956నాటి చట్టముతో కిలోలు వచ్చినవి. 2009నాటి చట్టము ఆ తూనికలకు నేటి కావలి. కొలతలు మారినను ఒక నియమము మారలేదు. అంగడివాని త్రాసు సరిగా నున్నదా అని అడుగుటకు కొనువానికి హక్కు కలదు. అధికారి ముద్రలేని రాయితో తూచరాదు. అరటి గెల తూచు కాటాకు ఉన్న ఈ నియమము రోడ్డుమీది సెన్సరునకు ఇంకెంత గట్టిగా ఉండవలెను! లారీవానిని నీ బరువెంత అని అడుగు ప్రభుత్వము, తన త్రాసును ఎప్పుడు ఎవరు సరిచూచినారో, ఎంత తప్పు కనుగొన్నారో చూపుటకు సిద్ధముగా నుండవలెను. అప్పుడే ఆ అంకెను లారీవాడు నమ్మును. ఆ అంకె రోడ్డును కాపాడును.

పడవ అంచున మిగిలిన వ్రేళ్లను నాడు ఎవరును కాదనలేదు. నీరు అందరికిని ఒక్కతీరుననే చెప్పినది గనుక. రావులపాలెము దారిని పోవు లారీకి నేడు మనము గీయుచున్న గీత కూడ అంత నిష్పక్షపాతముగా చెప్పినప్పుడే ధర్మకాటా అను పేరునకు తగును.